వాండ్‌కి ఛార్జ్, షాపుకి ధర: మీ రోగ్‌లైక్‌కి ఏ పద్ధతి నప్పుతుంది

రోగ్‌లైక్ (ప్రతిసారీ కొత్త మ్యాప్ పుట్టే, చచ్చిపోతే మొదటి నుంచి ఆడాల్సిన గేమ్) తయారుచేద్దామని కూర్చున్నవాళ్ళలో చాలామంది మ్యాప్ జనరేటర్‌తో వారాల తరబడి కుస్తీ పడతారు, రాక్షసుల తెలివితేటల మీద ఇంకొన్ని వారాలు పోస్తారు, కానీ వాండ్‌లో, అంటే మంత్రదండంలో, ఎన్ని ఛార్జులుండాలి (ఎన్నిసార్లు వాడొచ్చు), అయిపోతే ఎలా నిండాలి, షాపువాడు ఏం కొంటాడు, ఎంతకి అమ్ముతాడు అన్న దగ్గరికి వచ్చేసరికి తోచిన అంకె ఒకటి పడేసి రిలీజ్ చేసేస్తారు. తీరా ఆడేవాళ్ళు విసుక్కునేది అక్కడే.

ఈ రెండింటినీ వేరువేరు సంగతులనుకోవడంతో చిక్కు మొదలవుతుంది. నన్నడిగితే రెండూ ఒకటే ప్రశ్న: ప్రమాదమేమీ లేకుండా ఊరికే నిలబడితే, లేదా విసుగొచ్చే పనినే పదేపదే చేస్తే, ఆటగాడికి ఏమైనా లాభం ఉందా? ఉంటే ఆ పని చేసి తీరతాడు. తిట్టుకుంటూ చేస్తాడు, బోర్ కొట్టిందని నాలుగు మాటలు రాస్తాడు, కానీ మానడు, ఎందుకంటే ఈ ఆటల్లో చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచి ఆడాలి, అలాంటప్పుడు చేతికందిన చిన్న లాభాన్ని వదులుకోమంటే ఎవరు వింటారు? కాబట్టి ఛార్జ్ గురించైనా, షాపు గురించైనా ఆలోచించే ముందు, మీ ఆటలో ఆటగాడిని ముందుకి తోసేది ఏమిటో తేల్చుకోండి. ఆకలా, గదులా, ఎక్స్‌పీరియన్సా, అంతస్తులా? అది తేలితే మిగతా సగం లెక్కలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఛార్జ్ ఎలా తిరిగి రావాలి

అన్నింటికన్నా పాత దారి: ఇచ్చిందే ఇచ్చింది, అయిపోతే అయిపోయింది, నింపుకోవాలంటే అరుదైన స్క్రోల్ (చదివితే పనిచేసే మంత్రపు చుట్ట) ఒకటి దొరకాలి. దీనికి నెట్‌హ్యాక్ (1987) కన్నా మంచి ఉదాహరణ లేదు. అక్కడ గురిపెట్టి వాడే వాండ్‌లో 4 నుంచి 8 ఛార్జులు, గురి అక్కర్లేనివాటిలో 11 నుంచి 15 వస్తాయి. వాండ్‌ని పూర్తిగా గుర్తుపట్టాక దాని పేరు పక్కన (0:6) అని కనిపిస్తుంది. మొదటి అంకె ఇప్పటిదాకా ఎన్నిసార్లు నింపారో, రెండోది ఇంకా ఎన్ని మిగిలాయో. అసలు అందం ఆ మొదటి అంకెలో ఉంది. నింపిన ప్రతిసారీ తర్వాతి రీఛార్జ్‌లో వాండ్ పేలిపోయే ముప్పు పెరుగుతుంది. మొదటిసారి భయమే లేదు. రెండోసారి 343లో 1 వంతు, మూడోసారి 8 వంతులు, నాలుగోసారి 27, ఐదోసారి 64, అలా పోయి పోయి ఎనిమిదోసారికి ఖాయంగా పేలుతుంది. అంటే అంతకుముందు ఎన్నిసార్లు నింపారో ఆ అంకె ఘనాన్ని 343తో భాగిస్తారన్నమాట. ఇక కోరికలు తీర్చే విషింగ్ వాండ్‌కైతే ఒక్కసారే, రెండోసారి ప్రయత్నిస్తే పేలడమే.

ఈ లెక్క ఎందుకు బాగుందంటే, "మూడుసార్లే, ఆ పైన కుదరదు" అని గోడ కట్టలేదు. నాలుగోసారి నింపాలా వద్దా అన్నది మీ ఇష్టం, 100కి 8 దాకా ముప్పు, చేతిలో ఉన్నది నిద్రపుచ్చే వాండ్, ఎదురుగా సైనికుల గుంపు. అక్కడ ఆటగాడు నిజంగా ఆలోచిస్తాడు. అదే ఆటలో నాకు నచ్చనిదీ ఉంది. పూర్తిగా ఖాళీ అయిన వాండ్‌ని పట్టుకుని ఊపుతూనే ఉంటే ప్రతి ప్రయత్నానికీ 121లో 1 వంతు అవకాశంతో ఆఖరి ఛార్జ్ ఒకటి ఊడిపడుతుంది, ఆ తర్వాత వాండ్ పొడైపోతుంది. కథగా చెబితే భలే ఉంటుంది. ఆడేటప్పుడు మాత్రం ఒకే బటన్‌ని వందసార్లు నొక్కడమే. పైన చెప్పిన ప్రశ్న అడిగి చూడండి, ఊరికే నిలబడితే లాభం ఉందా? ఉంది. పైగా అది విషింగ్ వాండ్ అయితే ఆ లాభం ఏకంగా ఒక కోరిక.

ఈ పద్ధతికి ఇంకో జబ్బు ఉంది, దాచుకోవడం. సంచినిండా వాండ్లు పెట్టుకుని, పెద్ద ఆపద వస్తే తీద్దామని కూర్చుని, అది వచ్చినప్పుడు టెన్షన్‌లో ఉన్న సంగతే మర్చిపోయి చచ్చేవాళ్ళు కోకొల్లలు. మీ ఆట పొడవుగా ఉండి, వస్తువులు చాలా రకాలుగా ఉండి, ఆడేవాళ్ళు ఓపికపరులైతేనే ఇది తీసుకోండి.

ఆంగ్‌బాండ్ అనే ఆటలో ఈ పాత దారీ ఉంది, దాని పక్కనే ఇంకోటీ ఉంది. వాండ్లకీ స్టాఫ్‌లకీ (పొడవాటి మాయాకర్రలకీ) లెక్కపెట్టిన ఛార్జులు, రీఛార్జ్ చేయబోతే బెడిసికొట్టే ముప్పు, లోపల ఇంకా ఛార్జులు మిగిలి ఉండగా నింపితే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కాబట్టి పూర్తిగా వాడేశాకే నింపాలనిపిస్తుంది. రాడ్‌లనే ఇంకో రకం మాయాకర్రలకి మాత్రం లెక్క లేదు. వాడగానే కొన్ని టర్న్‌లు (ఆటగాడి ఎత్తులు) విశ్రాంతి, మళ్ళీ సిద్ధం. రెండు పద్ధతులూ ఒకే సంచిలో ఉండొచ్చని ఇది చూపిస్తుంది, కాకపోతే పేరు చూడగానే ఏది ఎలా నిండుతుందో తెలిసిపోవాలి.

రెండో దారి, కాలంతో పాటు నిండడం. బ్రోగ్ (2009) దీన్ని శుభ్రంగా చేసింది. వాండ్లు నిండవు, స్టాఫ్‌లు వాటంతటవే నిండుతాయి. మామూలు స్టాఫ్‌కి ఒక ఛార్జ్ తిరిగి రావడానికి పట్టే సమయం సుమారు 500 టర్న్‌లని దాని స్థాయితో భాగిస్తే వచ్చేది, అంటే 2వ స్థాయి నిప్పు స్టాఫ్‌కి 250 టర్న్‌ల చొప్పున, 5వ స్థాయికి 100. దూకి తప్పించుకునే బ్లింకింగ్, అడ్డుగోడ వేసే అబ్‌స్ట్రక్షన్ స్టాఫ్‌లు మాత్రం సగం వేగంతో నిండుతాయి. ఎందుకో చెప్పక్కర్లేదు, పారిపోవడం చవకైతే ఇక పోరాడేదెవరు? వస్తువు బలం పెంచే ఎన్‌ఛాంట్ స్క్రోల్ ఒక్కటి చదివితే స్టాఫ్‌కి ఒక ఛార్జ్ పెరుగుతుంది, దెబ్బ బలం పెరుగుతుంది, నిండే వేగమూ పెరుగుతుంది. మూడూ ఒకే దెబ్బతో. అందుకే ఒకే స్టాఫ్ మీద స్క్రోల్స్ అన్నీ కుమ్మరించడం అక్కడ మతిలేని పని కాదు, అదే గెలుపు దారి.

మరి ప్రతి పోరాటం తర్వాతా 500 టర్న్‌లు పడుకుంటే పోలా? అక్కడే ఆకలి వస్తుంది. బ్రోగ్‌లో తిండి మీరు ఎంత లోతుకి దిగారన్నదాన్ని బట్టి దొరుకుతుంది కానీ ఎంతసేపు గడిపారన్నదాన్ని బట్టి కాదు. మామూలు నడకన పోతే ఎప్పుడూ చాలుతుంది, ప్రతి ఛార్జ్‌కీ కునుకు తీస్తే చాలదు. కాలంతో నింపే పద్ధతిని తీసుకుని ఆకలిని తీసుకోకపోతే మీకు మిగిలేది విశ్రాంతి బటన్ ఒక్కటే. ఆకలి అంటే చిరాకు అనేవాళ్ళున్నారు, నాకూ అంత ప్రేమేమీ లేదు, కానీ దాని స్థానంలో ఇంకేదో ఒకటి పెట్టకుండా ఊరికే తీసేయకండి.

షాటర్డ్ పిక్సెల్ డంజన్ సంగతి చెప్పకపోతే ఈ భాగం పూర్తవదు. 2012లో వచ్చిన పిక్సెల్ డంజన్ కోడ్ మీద 2014 నుంచి పెరుగుతూ వచ్చిన ఆట అది, ఫోన్‌లో రోగ్‌లైక్ ఆడేవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. అక్కడ వాండ్ ఎంత ఖాళీగా ఉంటే అంత వేగంగా నిండుతుంది. ఒక్క ఛార్జ్ తగ్గి ఉంటే అది రావడానికి దాదాపు 45 టర్న్‌లు, మూడు తగ్గి ఉంటే 37 చొప్పున, ఆరు తగ్గి ఉంటే 28 చొప్పున. చిన్న సూత్రమే, ఒక లైను కోడ్, కానీ దాచుకునే జబ్బుకి ఇంతకన్నా మంచి మందు నేను చూడలేదు. నిండుగా ఉన్న వాండ్ మీ సంచిలో దండగగా కూర్చుంది, వాడితేనే లాభం అని ఆట చెప్పకనే చెబుతోంది. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు: బాస్ ఉన్న అంతస్తులో తలుపులు మూసుకున్నాక, బాస్‌ని కొట్టకుండా స్తంభాల చుట్టూ తిరుగుతూ కాలక్షేపం చేస్తే కాసేపటికి గాయాలు మానడమూ వాండ్ నిండడమూ ఆగిపోతాయి. కొడుతూ ఉంటే కొనసాగుతాయి.

మూడో దారి, పనికి తగ్గ కూలి. గది ఊడిస్తే ఛార్జ్, దెబ్బ కొడితే ఛార్జ్, ఎక్స్‌పీరియన్స్ వస్తే ఛార్జ్. బైండింగ్ ఆఫ్ ఐజాక్ (2011, రీబర్త్ 2014)లో యాక్టివ్ వస్తువుల్లో (బటన్ నొక్కి వాడేవాటిలో) ఎక్కువ భాగం గదులతో నిండుతాయి. గదిలోని వస్తువుల్ని మార్చేసే డీ6 పాచికకి 6 గదులు కావాలి, పెద్ద గది ఊడిస్తే రెండు వస్తాయి, బ్యాటరీ దొరికితే అదృష్టం. ఇలా ఉంటే డిజైనర్‌కి ఎంత హాయో చూడండి. అంతస్తులో రాక్షసులున్న గదులు 12 పెట్టారనుకుందాం, అంటే ఆ వస్తువు అక్కడ రెండుసార్లు వాడుకోవచ్చు, అటో ఇటో మూడు. ఆటగాడు ఎంత పిసినారైనా, ఎంత ఓపికున్నవాడైనా ఆ అంకె మారదు. నిలబడి సాధించేదేమీ లేదు. బ్యాలెన్స్ చేయడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదని నా గట్టి నమ్మకం.

ఎంటర్ ది గంజియన్ (2016)లో చాలా యాక్టివ్ వస్తువులు మీరు కొట్టిన దెబ్బతో నిండుతాయి. వేగంగా సాగే కాల్పుల ఆటకి ఇది బాగుంటుంది, బాస్ పోరాటం మధ్యలోనే వస్తువు మళ్ళీ చేతికొస్తుంది. టర్న్‌ల ఆటలో పెడితే మాత్రం ఒక కన్నం చూసుకోండి: పిల్ల రాక్షసుల్ని పుట్టిస్తూ పోయేవాడొకడు ఉంటే ఆటగాడు వాడిని చంపడు, వాడి పక్కన కాపురం పెట్టి పిల్లల్ని కొడుతూ ఛార్జ్ చేసుకుంటాడు. పుట్టించినవాటికి ఛార్జ్ ఇవ్వకండి, అంతే. అదే గంజియన్‌లో తూటాలన్నీ ఊడ్చేసే బ్లాంక్‌లు ప్రతి అంతస్తు మొదట్లో మళ్ళీ రెండుకి నిండుతాయి. ఇది నాలుగో దారి అనుకోవచ్చు. దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, చేయడం సులువు, మింగుడుపడడం సులువు, దాచుకుంటే నష్టం.

డంజన్ క్రాల్ స్టోన్ సూప్ (2006 నుంచి) ఎక్స్‌పీరియన్స్ దారి పట్టింది. మెరుపు రాడ్, వరద సీసా లాంటివి వాడాక, రాక్షసుల్ని చంపి ఎక్స్‌పీరియన్స్ తెచ్చుకుంటేనే తిరిగి నిండుతాయి. లోతుకి పోయేకొద్దీ ఎక్స్‌పీరియన్స్ గంపల్లో వస్తుంది కాబట్టి నింపడానికి కావలసిన మొత్తం కూడా పెంచాలి, లేకపోతే చివర్లో ప్రతి రెండడుగులకీ మెరుపే. అదే ఆటలో ఒకప్పుడు వాండ్లకి రీఛార్జింగ్ స్క్రోల్ ఉండేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు ఒకే రకం వాండ్ రెండోది దొరికితే ఛార్జులు మొదటిదాంట్లో కలిసిపోతాయి, సున్నాకి వస్తే వాండ్ మాయం. ఖాళీ వాండ్ మోసుకు తిరిగే పని లేదు. తీసేయడం కూడా డిజైనే అని గుర్తుపెట్టుకోండి.

షాపువాడు ఏం చేయాలి

కొనడం, అమ్మడం రెండూ ఉన్న పూర్తి బజారు అంటే మళ్ళీ నెట్‌హ్యాక్ దగ్గరికే వెళ్ళాలి. మీ కరిష్మా (పాత్ర ఆకర్షణని చెప్పే అంకె) 18 దాటితే సగం ధర, 6 కన్నా తక్కువైతే రెట్టింపు. మీరు అమ్మబోతే అసలు ధరలో సగం ఇస్తాడు, ఒక్కోసారి మూడో వంతే అంటాడు. వాడి దగ్గర చిల్లర అయిపోతే ఖాతాలో రాసుకుంటాడు. డబ్బు కట్టని వాండ్‌ని షాపులో నిలబడి వాడితే వాడుక రుసుం అడుగుతాడు. పలుగుతో లోపలికి రానివ్వడు, ఎందుకంటే నేల తవ్వుకుని సరుకుతో సహా ఉడాయిస్తారని వాడికి తెలుసు. ఇంత కక్షగా ఆలోచించిన దుకాణదారు ఇంకో ఆటలో లేడేమో.

అయితే దీని ఖరీదు చూడండి. ధరని బట్టి వస్తువేమిటో కనిపెట్టడం ఒక విద్య అయిపోయింది. అసలు ధర 20 ఉన్న స్క్రోల్ అంటే అది వస్తువేమిటో చెప్పే ఐడెంటిఫై, 300 అంటే ఛార్జింగ్ కావచ్చు, ఒక జాతి రాక్షసుల్నే తుడిచేసే జెనోసైడ్ కావచ్చు, ఇంకో ఒకటి రెండు కావచ్చు. కొత్తలో ఇది గొప్ప మజా. కొన్నాళ్ళకి దొరికిన ప్రతి చెత్తనీ షాపుదాకా మోసుకెళ్ళి, కింద పడేసి, ధర విని, వద్దని చెప్పి మళ్ళీ ఎత్తుకోవడం డ్యూటీ అయిపోతుంది. మీరు ఒక్కరే, ఖాళీ దొరికినప్పుడు చేసే ఆటకి ఇది వద్దు. ఇందులో ప్రతి నియమమూ ఇంకో కన్నాన్ని పూడ్చడానికి పుట్టింది, అవన్నీ పూడ్చుకుంటూ పోవడానికి దశాబ్దాలు పట్టింది.

దానికి పూర్తిగా ఎదురు వైపు క్రాల్. అక్కడ షాపువాడు మీ దగ్గర ఏమీ కొనడు. ఎందుకు కొనడో ఆట మాన్యువల్‌లోనే చెప్పారు, ఆటగాడిని చెత్త మోసే కూలీని చేయడం వాళ్ళకి ఇష్టం లేదు. డబ్బు నేల మీద దొరికిందే, అది పరిమితం, షాపులు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోవడానికి లిస్టు సౌకర్యం ఉంది, ఏది కొనాలన్నదే ప్రశ్న. నేను ఎవరికైనా మొదట సూచించేది ఇదే.

మధ్యేమార్గాలు ఉన్నాయి. ఆంగ్‌బాండ్‌లో అమ్మితే 0 బంగారం ఇచ్చే ఆప్షన్ ఉంది. దానికి బదులు డంజన్‌లో దొరికే బంగారాన్ని పెంచారు. అక్కడ అంతస్తులు ఎన్నిసార్లు దిగితే అన్నిసార్లు కొత్తగా పుడతాయి, సరుకు అనంతం, కాబట్టి అమ్మకం ఆపకపోతే ఊరికీ డంజన్‌కీ మధ్య బస్ సర్వీసే. టేల్స్ ఆఫ్ మజెయాల్ (2012)లో చెత్తని అక్కడికక్కడే బంగారంగా మార్చే పెట్టె చేతికిస్తారు. నడక పోయింది, ఏది ఉంచుకోవాలన్న ఆలోచన మిగిలింది.

షాటర్డ్‌లో కొనడం అమ్మడం రెండూ ఉన్నా ఎవరూ వ్యాపారం చేయలేరు. 30 బంగారు నాణేలకి మీ దగ్గర కొనే వస్తువుని 6వ అంతస్తు షాపులో 300కి అమ్ముతాడు, 11వ అంతస్తులో 450, 16లో 600. అంటే మొదటి షాపులోనే పది రెట్ల తేడా, కిందికి పోయేకొద్దీ ఇంకా. కొని అమ్మి లాభం తీయడం కల్ల. కానీ వాడని కవచం అమ్మితే ఏదో నాలుగు నాణేలు వస్తాయి కాబట్టి సంచి ఖాళీ చేసిన తృప్తి ఉంటుంది. ఇక్కడ కష్టమైన క్షణం ఒకటుంది: రెండో కవచం అమ్మితే సరిగ్గా హీలింగ్ పోషన్‌కి సరిపోతుంది, కానీ ఆ కవచం శాపం లేనిదని ఇప్పుడిప్పుడే తేలింది. అలాంటి తూకం ఆటకి రెండు మూడుసార్లు పడితే మీ షాపు పని చేస్తున్నట్టే.

షాపే లేకుండా? రోగ్ (1980)లో బంగారం అంటే స్కోరే, బ్రోగ్‌లోనూ అంతే. దానికి బదులు బ్రోగ్ తాళం వేసిన ఖజానా గది పెడుతుంది, లోపల బోనుల్లో నాలుగైదు వస్తువులు, ఒకటి ఎత్తుకుంటే మిగతా బోనులు మూసుకుంటాయి. ఆలోచిస్తే ఇది షాపే. ధర ఏమిటంటే వదులుకున్న వస్తువులు. డబ్బు లెక్క, ధరల పట్టిక, సరుకు మార్పిడి ఏదీ రాయక్కర్లేదు.

ఐజాక్‌లో వస్తువు 15 నాణేలు, బాంబు 5, తాళంచెవి 5, గుండె 3. జేబులో 99కి మించి పట్టవు. దాని పక్కనే దెయ్యంతో ఇంకో బేరం, అక్కడ ధర నాణేల్లో కాదు, మీ ప్రాణంలోంచి గుండెలు. ఇలా రెండో రకం ధర పెట్టడం వల్ల "డబ్బుంది, కొనడానికేం లేదు" అనే చప్పదనం పోతుంది. కేవ్స్ ఆఫ్ కుడ్‌లో డబ్బు అంటే నీళ్ళు, తాగాలి, బరువు మోయాలి, దాంతోనే కొనాలి. మాట ముచ్చటగా ఉంది కానీ ఆ లోకానికే అది నప్పింది, ఎత్తుకొచ్చి ఇంకోచోట అతికిస్తే అతకదు.

ఏది దేనితో కలవదు

కాలంతో నిండే వాండ్, ఏదైనా కొనే షాపు, మళ్ళీ మళ్ళీ పుట్టే రాక్షసులు. ఈ మూడూ ఒకచోట పెట్టారంటే మీ ఆట పనైపోయింది. పడుకో, నింపు, చంపు, అమ్ము. మూడింట్లో ఏదో ఒకటి తీసేయాల్సిందే, నా ఓటు షాపు కొనుగోలుకి, ఎందుకంటే దాన్ని తీసేస్తే ఎవరూ పెద్దగా బాధపడరు.

వాండ్‌ని షాపు కొంటుందంటే ఖాళీ వాండ్‌కి ఎంత అన్న ప్రశ్న వస్తుంది. నెట్‌హ్యాక్‌లో ఛార్జులు ఎన్ని మిగిలినా ధర ఒకటే, క్యాన్సిల్ అయిన (మాయ తుడిచిపెట్టుకుపోయిన) వాండ్‌కి మాత్రం సున్నా. అంటే పూర్తిగా పిండేసి అమ్మడం తెలివైన పని. ఆంగ్‌బాండ్‌లో మిగిలిన ఒక్కో ఛార్జ్‌కీ మూల ధరలో ఇరవయ్యో వంతు కలుస్తుంది. రెండోది న్యాయంగా కనిపిస్తుంది, కానీ ఆటగాడు ఒక్క మెరుపు విసిరే ముందు దాని ఖరీదు లెక్కేయడం మొదలుపెడతాడు, ఇక చస్తే వాడడు. అందుకే ఛార్జులున్న వస్తువుల్ని షాపు కొనకపోవడమే మేలంటాను.

రీఛార్జ్‌నే షాపులో అమ్మాలనుకుంటే ఇంకో జాగ్రత్త. ఒకే ధర పెట్టి ఎన్నైనా కొనుక్కోమంటే వాండ్ కాస్తా తుపాకీ, డబ్బు కాస్తా తూటాలు. స్లే ది స్పైర్ (2019)లో షాపులో కార్డు తీసేయించుకోవడానికి మొదటిసారి 75 బంగారం, ఆ తర్వాత ప్రతిసారీ 25 పెరుగుతుంది. ఆ సూత్రాన్నే ఎత్తుకోండి. మీ ఆటలో షాపుకీ షాపుకీ మధ్య సగటున 600 బంగారం దొరుకుతుందనుకుంటే, మొదటి రీఛార్జ్ 100, తర్వాత 175, ఆ తర్వాత 250 అని పెట్టి, పక్కన 400 ధరకి మంచి కవచం ఒకటి వేలాడదీయండి. రెండు రీఛార్జులు చేయించుకున్నవాడికి 325 మిగులుతుంది, కవచం రాదు. ఒకటే చేయించుకుంటే కవచం కొనుక్కుని 100 బంగారంతో బయటపడతాడు. అంకెలు ఇలా ఒకదాన్నొకటి కోసుకునేలా ఉండాలి, లేకపోతే షాపు అంటే ఉన్నవన్నీ మూటగట్టుకుపోయే చోటు అవుతుంది.

మరి మీకేది

2005 నుంచి ఏటా జరిగే ఏడు రోజుల రోగ్‌లైక్ పోటీ లాంటిదానికి చేస్తున్నారా, షాపు జోలికి పోకండి. అంతస్తు మారితే నిండే రెండు మూడు వస్తువులు, ఒకటి తీసుకుంటే మిగతావి మూసుకునే గది ఒకటి. ఏడు రోజుల్లో ఇవి పూర్తవుతాయి, బ్యాలెన్స్ కూడా అవుతాయి.

ఫోన్ ఆటైతే మనిషి మధ్యలో ఆపి, బస్సు దిగి, రాత్రికి మళ్ళీ తీస్తాడు. 250 టర్న్‌ల క్రితం వాడిన స్టాఫ్ సంగతి అతనికి గుర్తుండదు. గదులతో నిండేది పెట్టండి, స్క్రీన్ మీద ఆరు గళ్ళు, నాలుగు నిండాయి, చూడగానే అర్థమవుతుంది. కాలంతోనే నింపాలని పట్టుబడితే షాటర్డ్ లాగా 30, 40 టర్న్‌ల దగ్గర ఉంచండి. షాపు కావాలంటే పది రెట్ల తేడా పద్ధతి ఫోన్‌కి బాగా కుదురుతుంది, సంచిలో చోటు తక్కువ కాబట్టి పారేసే బదులు అమ్మే వీలుంటే బాగుంటుంది.

కంప్యూటర్‌లో గంటల తరబడి ఆడే పెద్ద ఆటకి ఎక్స్‌పీరియన్స్‌తో నిండే వస్తువులు, ఏమీ కొనని షాపు. డబ్బూ ఎక్స్‌పీరియన్సూ రెండూ ఇంతే ఉన్నాయని మీకు ముందే తెలుసు కాబట్టి లెక్క ఎక్సెల్ షీటులోనే చూసుకోవచ్చు. ఆకలి పెట్టే ధైర్యం ఉంటే బ్రోగ్ దారి దీనికన్నా అందంగా ఉంటుంది, కానీ తిండి ఎంత దగ్గర దగ్గరగా పడాలో తేల్చడానికే మీకు నెల పడుతుందని చెప్పి మరీ పంపిస్తున్నాను.

పేలే వాండ్లూ, ఉడాయించే దొంగలూ, ఖాతా రాసుకునే షాపువాడూ ఉన్న నెట్‌హ్యాక్ లోకమే కావాలనేవాళ్ళని నేను ఆపను. ఒకే ఒక్క మాట, అందులో సగం తీసుకోకండి. అమ్మకం తీసుకుని దొంగతనం నియమాలు వదిలేస్తే కన్నాలే మిగులుతాయి.

ఏది ఎంచుకున్నా, వేరేవాళ్ళ చేత ఆడించేటప్పుడు మూడు సంగతులు లాగ్ ఫైల్‌లో రాసేలా పెట్టుకోండి: విశ్రాంతి బటన్ వరుసగా ఎన్నిసార్లు నొక్కారు, ఊడ్చేసిన గదుల్లోకి ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళారు, చచ్చినప్పుడు జేబులో ఎంత బంగారం, సంచిలో ఎన్ని ఛార్జులు మిగిలాయి. మొదటిది పెద్దగా ఉంటే ఛార్జ్ నిండే పద్ధతి తప్పు. రెండోది పెద్దగా ఉంటే షాపు ఏదో కొనకూడనిది కొంటోంది. మూడోదాంట్లో ప్రతివాడూ నిండు సంచితో చస్తున్నాడంటే వాండ్‌లో ఛార్జులు పెంచకండి, చాలామంది అదే చేస్తారు. గరిష్ఠ సంఖ్యని సగానికి తగ్గించి నిండే వేగాన్ని రెట్టింపు చేసి మళ్ళీ ఆడించండి.